జాబితా రాసేవాడికీ ఒక రూలు ఉండాలి

టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో ఓటరుగా పేరు రాయించుకోవాలంటే వెళ్లాల్సింది పన్నులు వసూలు చేసే ఆఫీసుకి. ఇంటి పన్ను కట్టేదీ, కారు నంబరు ప్లేటుకి డబ్బు కట్టేదీ, ఓటు దరఖాస్తు ఇచ్చేదీ ఒక్కచోటే. పెద్ద కౌంటీలు చాలావరకు ఎన్నికలకు వేరే అధికారిని పెట్టుకున్నాయి గానీ, అలా పెట్టుకోనిచోట చట్టం ప్రకారం ఓటర్ల రిజిస్ట్రారు ఇప్పటికీ పన్నుల అధికారే. మన దగ్గర తహసీల్దారు ఓటరు జాబితా చూసినట్టే ఇదీ అనుకుంటారేమో. కాదు. ఒకప్పుడు ఈ రాష్ట్రంలో ఓటు వేయాలంటే ముందు పన్ను కట్టాలి. ఆ పన్ను రసీదే ఓటరు కార్డు. పన్ను పోయి అరవై ఏళ్లయినా ఆ కుర్చీ మాత్రం కదల్లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇక్కడి సంగతి అర్థం కావాలంటే ఒక ముక్క ముందే చెప్పాలి. అమెరికాలో మన ఎన్నికల సంఘం లాంటిది లేదు. ఫెడరల్ ఎన్నికల కమిషన్ అని ఒకటుంది, అది చూసేది ప్రచారానికి ఎవరు ఎంత డబ్బిచ్చారన్న లెక్కలే. ఎన్నిక ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరపాలన్నది ఆయా రాష్ట్రాల శాసనసభలు నిర్ణయించాలని ఇక్కడి రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. కాంగ్రెస్ కావాలంటే వాటిని మార్చవచ్చు, మార్చడం మాత్రం అరుదు. అందుకని ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. నార్త్ డకోటా 1951లోనే ఓటరు నమోదును ఎత్తేసింది. ఒరెగాన్ 2016 నుంచి డ్రైవింగ్ లైసెన్సుకు వచ్చిన పౌరుల పేర్లు తానే జాబితాలో చేర్చేస్తోంది. మా టెక్సాస్‌లో కాగితం నింపి, సంతకం పెట్టి, పోస్టులో వేయాలి. అదీ ఎన్నికకు కనీసం 30 రోజుల ముందే వేయాలి.

ఈ కాగితం వెనకున్న కథ 1902 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది టెక్సాస్ తన రాజ్యాంగాన్ని సవరించి పోల్ టాక్స్ తెచ్చింది. డాలరున్నర పన్ను, కౌంటీ కోరితే పైన ఇంకో పావు డాలరు. జనవరి నెలాఖరులోగా కట్టాలి, ఓటు మాత్రం నవంబరులో. అభ్యర్థులెవరో తెలియకముందే, పత్తి డబ్బు చేతిలో మిగలని నెలలో కట్టాలన్నమాట. నల్లవాళ్లూ, మెక్సికన్లూ, వాళ్లతోపాటు పేద తెల్ల కౌలురైతులూ జాబితాలోంచి జారిపోయారు. చట్టం తెచ్చినవాళ్లు చెప్పిన కారణం ఎన్నికల పవిత్రత.

అదీ చాలక 1923లో మరో చట్టం చేశారు. డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, నల్లవాళ్లు ఓటు వేయకూడదని అందులో బాహాటంగా రాశారు. ఆ రోజుల్లో టెక్సాస్‌లో ప్రైమరీ గెలిచినవాడే నవంబరులో గెలిచేవాడు. అక్కడ ఓటు లేదంటే అసలు ఓటే లేనట్టు. ఎల్‌పాసోలో లారెన్స్ నిక్సన్ అనే నల్లజాతి డాక్టరు పోల్ టాక్స్ కట్టిన రసీదు పట్టుకుని పోలింగు కేంద్రానికి వెళ్తే వెనక్కి పంపారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1927లో గెలిచాడు. వెంటనే శాసనసభ చట్టం మాట మార్చి, ఎవరు ఓటు వేయాలో పార్టీయే తేల్చుకుంటుందంది. ఆయన మళ్లీ వెళ్లాడు, 1932లో మళ్లీ గెలిచాడు. పార్టీ మళ్లీ ఇంకో దారి వెతికింది. చివరికి 1944లో లోనీ స్మిత్ అనే హ్యూస్టన్ దంతవైద్యుడి కేసులో, పౌరహక్కుల లాయరు థర్‌గుడ్ మార్షల్ వాదించగా, సుప్రీంకోర్టు ఆ తలుపును పూర్తిగా తెరిపించింది. 1923 మనవాళ్లకూ చేదు సంవత్సరమే. భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి పనికిరారని అదే సుప్రీంకోర్టు అదే ఏడు తీర్పు చెప్పింది. 1946లో కాంగ్రెస్ చట్టం మార్చేదాకా మనవాళ్లకు ఇక్కడ పౌరసత్వమే లేదు, ఇక ఓటు మాటెక్కడిది. ఇవాళ ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో తెలుగు పేర్లతో ఓటరు కార్డులు అందుకుంటున్నవాళ్లం ఈ రెండు కథలకూ కొంత రుణపడి ఉన్నాం.

పోల్ టాక్స్‌తో ఎన్నికలు పవిత్రమయ్యాయా అన్నదానికి జవాబు 1948లో ఆలిస్ అనే చిన్న ఊళ్లో దొరికింది. సెనేట్ సీటుకు డెమోక్రాటిక్ ప్రైమరీ రెండో విడతలో లిండన్ జాన్సన్, కోక్ స్టీవెన్సన్ పోటీ. సుమారు 10 లక్షల ఓట్లు పోలయ్యాయి. లెక్క తేలేసరికి స్టీవెన్సన్ వందకు పైగా ఓట్ల ముందంజలో ఉన్నాడు. పోలింగు అయిన ఆరో రోజున జిమ్ వెల్స్ కౌంటీలోని 13వ పెట్టె నుంచి సవరించిన లెక్కొచ్చింది. జాన్సన్‌కు 200 ఓట్లు ఎక్కువ. ఓటర్ల జాబితా చివర కొత్తగా చేరిన పేర్లన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, అక్షరక్రమంలో ఉన్నాయని చూసినవాళ్లు చెప్పారు. ఓటర్లు అక్షరక్రమంలో వరస కట్టి వచ్చారనుకోవాలి మరి! జాన్సన్ 87 ఓట్లతో గెలిచాడు. అక్కడి ఎన్నికల అధికారి లూయిస్ సాలస్ ఆ పేర్లు దొంగవేనని 1977లో పత్రికలవాళ్ల ముందు ఒప్పుకున్నాడు.

ఆ ప్రాంతంలో జార్జ్ పార్ అనే రాజకీయ ఆసామి మాటే చట్టం. దక్షిణ టెక్సాస్‌లో అలాంటి ఆసాములు తమ మనుషుల పోల్ టాక్స్ తామే కట్టి, రసీదులు దగ్గర పెట్టుకుని, పోలింగు రోజున పంచేవాళ్లు. పవిత్రత కోసమని తెచ్చిన పన్ను నిజాయితీగా బతికే పేదవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టింది, దొంగ చేతికి మాత్రం రసీదు పుస్తకాన్ని అందించింది. ఓటరుకు బోలెడన్ని రూల్సు, జాబితా చేతిలో ఉన్నవాడికి ఒక్కటీ లేదు. నా దృష్టిలో టెక్సాస్ ఎన్నికల చరిత్ర మొత్తం ఇదే. విచిత్రమేమంటే, ఆ 87 ఓట్లతో సెనేట్‌కు వెళ్లిన జాన్సనే అధ్యక్షుడయ్యాక 1965లో ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టాడు.

1966లో కోర్టులు పోల్ టాక్స్‌ను కొట్టేశాయి. శాసనసభ ఏం చేసిందో చూడండి. పన్ను తీసేసింది, గడువు మాత్రం ఉంచింది. ప్రతి ఓటరూ ప్రతి ఏడాదీ జనవరి 31లోగా మళ్లీ కొత్తగా నమోదు చేయించుకోవాలంది. ఇదీ 1971లో కోర్టులోనే కూలింది. అంటే నవంబరు ఎన్నికకు జనవరిలోనే లేచి పరుగెత్తాల్సిన అవసరం ఈ రాష్ట్ర ప్రజలకు తప్పింది ఆ తరవాతే. ఆ ఓటు హక్కు చట్టం కింద 1975 నుంచి టెక్సాస్ తన ఎన్నికల రూల్సు ఏవి మార్చినా వాషింగ్టన్ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. 2013 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని పనిచేయకుండా చేసింది. అంతవరకు ఆగి ఉన్న ఫోటో గుర్తింపు చట్టాన్ని అమలు చేస్తున్నామని రాష్ట్రం అదే రోజున ప్రకటించింది. తుపాకీ లైసెన్సు చూపితే ఓటు వేయవచ్చు, యూనివర్సిటీ విద్యార్థి కార్డు చూపితే వేయకూడదు.

ఇక మనవాళ్లకు నేరుగా తగిలిన కథ. 2019 జనవరి 25న (మన దేశంలో అది జాతీయ ఓటర్ల దినోత్సవం, యాదృచ్ఛికమే) టెక్సాస్‌లో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఓ ప్రకటన చేసింది. ఓటర్ల జాబితాలో సుమారు 95 వేలమంది పౌరులు కాకపోవచ్చని, వాళ్లలో 58 వేలమంది ఏదో ఒక ఎన్నికలో ఓటు కూడా వేశారని చెప్పింది. రాష్ట్ర అటార్నీ జనరల్ ట్విటర్‌లో ఓటు మోసం అని కేకేశాడు, అధ్యక్షుడు ట్రంప్ అందుకున్నాడు. లెక్క ఎలా కట్టారయ్యా అంటే, డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్ననాడు ఎవరు పౌరులు కారో ఆ వివరాలను ఓటర్ల జాబితాతో సరిపోల్చారు. మనవాళ్ల జీవితం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఇందులో తప్పు వెంటనే తడుతుంది. ఒకడు గ్రీన్ కార్డు మీద లైసెన్సు తీసుకుంటాడు. రెండేళ్లకో మూడేళ్లకో పౌరసత్వ ప్రమాణం చేస్తాడు. ఆ వారంలోనే ఓటరుగా నమోదవుతాడు. లైసెన్సుకు ఇంకా గడువుంది కాబట్టి ఆ ఆఫీసు గుమ్మం తొక్కడు. ప్రభుత్వం పుస్తకంలో అతను ఇంకా పరాయివాడే.

కొద్దిరోజుల్లోనే సుమారు 25 వేల పేర్లు పొరపాటున చేరాయని రాష్ట్రమే కౌంటీలకు ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఈలోగా కొన్ని కౌంటీలు ఉత్తరాలు పంపేశాయి కూడా. 30 రోజుల్లో పౌరసత్వం రుజువు చేసుకోండి, లేకపోతే పేరు కొట్టేస్తామని. తప్పు లెక్క కట్టింది ఆఫీసువాళ్లు, కాగితాలు వెతుక్కోవాల్సింది ఓటరు. శాన్ ఆంటోనియోలో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ ఈ పని ఆపించాడు. ఏప్రిల్‌లో రాష్ట్రం రాజీకొచ్చి ఆ జాబితాను వెనక్కి తీసుకుంది, ఎదుటి లాయర్లకు 4 లక్షల 50 వేల డాలర్ల ఫీజు కట్టింది. సెక్రటరీ ఆఫ్ స్టేట్ డేవిడ్ విట్లీ రాష్ట్ర సెనేట్ ఆమోదం దొరకక మేలో దిగిపోయాడు.

జాబితా శుభ్రంగా ఉండాలనేవాళ్లతో నాకు పేచీ లేదు. పౌరుడు కానివాడు ఓటు వేయడం ఇక్కడ నేరం. గ్రీన్ కార్డు ఉన్నవాడు అలా చేస్తే దేశం వదిలి పోవాల్సి రావచ్చు కూడా. అందుకే హెచ్1బీ పిల్లలకు లైసెన్సు ఆఫీసులో ఓటు గడి దగ్గర టిక్కు పెట్టొద్దని నేను పదేపదే చెబుతుంటాను. నా పేచీ మరొకటి. ఇల్లు మారినవాళ్లనూ, చనిపోయినవాళ్లనూ, రెండు రాష్ట్రాల్లో పేరున్నవాళ్లనూ పట్టుకోవడానికి ఎరిక్ అనే సంస్థ ఉంది. సభ్య రాష్ట్రాలు అందులో తమ జాబితాలు పోల్చి చూసుకుంటాయి. శుభ్రమైన జాబితా కావాలని అందరికంటే గట్టిగా అరిచే టెక్సాస్ 2023లో దాంట్లోంచి బయటికొచ్చేసింది. చీపురు పారేసి ఇల్లు మురికిగా ఉందంటే ఏం చెప్పాలి? 2025లో పౌరసత్వ పత్రాలు చూపితేనే నమోదు చేయాలన్న బిల్లు రాష్ట్ర సెనేట్‌లో నెగ్గి దిగువ సభ హౌస్‌లో ఆగింది. అదీ మళ్లీ ఓటరు నెత్తిన బరువే.

నేను మా కౌంటీలో వాలంటీరు డిప్యూటీ రిజిస్ట్రారుని. జీతం లేని పని. కౌంటీ ఇచ్చే శిక్షణ తీసుకోవాలి, పక్క కౌంటీవాళ్ల పేర్లు రాయాలంటే అక్కడా విడిగా నియామకం కావాలి, తీసుకున్న దరఖాస్తు ఐదు రోజుల్లో అందజేయాలి. ఉగాది పండగలప్పుడు ఒక బల్ల వేసుకుని కూర్చుంటే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “అన్నా, ఇది ఫోన్‌లో చేయలేమా?” చేయలేం తమ్ముడూ. అరిజోనా 2002లోనే ఆన్‌లైన్ నమోదు పెట్టింది, ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో ఉంది. ఇక్కడ లైసెన్సు రెన్యూ చేసుకునేటప్పుడు మాత్రం ఆన్‌లైన్‌లో వీలుంది, అదీ కోర్టు చెప్పాకే. చేతిరాత తప్పుగా చదివి మన పేర్లను ఎన్ని రకాలుగా టైపు చేస్తారో మీరు ఊహించుకోవచ్చు. కాగితం భద్రమని వాదించేవాళ్లకు 13వ పెట్టెలో ఉన్నదీ కాగితమేనని గుర్తు చేయాలి.

మన దేశం పద్ధతి ఏమంత గొప్ప అనవచ్చు. నిజమే. 2018 తెలంగాణ ఎన్నికల్లో ఓట్లు గల్లంతయ్యాయని జనం పోలింగు కేంద్రాల దగ్గర గొడవపడితే ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2025లో బిహార్ ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు పోయాయి. అయినా అక్కడ ఒక సూత్రం ఉంది. జాబితా తయారుచేయడం ప్రభుత్వం పని, బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) ఇంటికొచ్చి తలుపు తట్టాలి. తీసేసిన ప్రతి పేరూ, తీసేసిన కారణంతో సహా, బయటపెట్టమని సుప్రీంకోర్టు బిహార్ విషయంలో ఆదేశించింది. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చునేవాళ్లను మేం అడగాల్సింది కూడా అదే. రూల్సు గట్టిగా చేయండి, అయితే జాబితా రాసేవాడికి కూడా చేయండి. పేరు కొట్టేసేముందు పౌరసత్వ రికార్డు తాజాగా చూసే బాధ్యత అధికారిదే కావాలి. తప్పు జరిగితే దిద్దుకునే ఖర్చూ ఆఫీసుదే కావాలి. ఆన్‌లైన్ నమోదు ఇవ్వండి, ఎరిక్‌లోకి తిరిగి వెళ్లండి.

టెక్సాస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులే కూర్చుంటుంది. బిల్లులు అంతకుముందు నవంబరు నుంచే దాఖలవుతాయి. కమిటీ విచారణకు ఎవరైనా వెళ్లి రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు, తెలుగు యాస అడ్డు కాదు. మీ అబ్బాయో అమ్మాయో ఇక్కడ పౌరసత్వం తీసుకుని ఉంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి. లైసెన్సు ఆఫీసులో తమ వివరాలు మార్పించుకున్నారా, తమ ఎమ్మెల్యే ఎవరో తెలుసా అని.