తుక్కు తూకం తప్పించుకున్న కథలు

వారపత్రిక ఆయుష్షు వారం రోజులే. కొత్త సంచిక వచ్చేసరికి పాతది మంచం కిందికో అటక మీదికో చేరుతుంది. నాలుగు నెలలు గడిచాక పాత పేపర్లు కొనే మనిషి తక్కెడలోకి వెళ్లి, అక్కడి నుంచి కిరాణా కొట్లో పొట్లంగా మారుతుంది. తెలుగు కథలో చాలాభాగం పుట్టింది ఇలాంటి పత్రికల్లోనే. సంపుటాలకెక్కిన కథలు కొన్నయితే, ఎక్కనివి కొల్లలు. ఆ ఎక్కని కథలు ఇవాళ చదువుకోగలుగుతున్నామంటే, ఎవరో ఒక పాఠకుడు ఆ సంచికను తూకానికి వెయ్యలేదన్నమాట. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచిన కథల గ్రంథాలయం కథానిలయం అలా దాచుకున్నవాళ్ల చలవతోనే నిండింది. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కాళీపట్నం రామారావు, అంటే మనందరి కారా మాస్టారు, పురస్కారాలుగా వచ్చిన సొమ్మును ఈ గ్రంథాలయం మీద పెట్టారు. హైదరాబాదుకు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ బజారు ఉంది, విజయవాడకు లెనిన్ సెంటర్ ఉంది. అంత పెద్ద పాతపుస్తకాల అంగడి లేని శ్రీకాకుళానికి అంతకన్నా విలువైనది దక్కింది. ఇక్కడ పాత పత్రికను అమ్మరు, కాపాడతారు.

కాలం కుదురుగా లేనప్పుడు మనిషి పాత పుస్తకం వైపు ఎందుకు మళ్లుతాడన్న ప్రశ్నకు కథానిలయంలో జవాబు దొరుకుతుందని నా నమ్మకం. చేతిలో ఉన్న రోజు మంచిది కాదు కాబట్టి గడిచిన రోజుల్లో తలదాచుకుంటాడన్నది మామూలుగా చెప్పే సమాధానం. అది సగమే నిజం. యుద్ధకాలపు వారపత్రికల బైండును ఊహించండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. జనం ఇళ్లకు తాళాలు వేసి లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆ రోజుల్లోనే, రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ చెమటోడ్చిన ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో బర్మా వదిలి, అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరుగుముఖం పట్టారు. కాగితానికి కటకట వచ్చి ప్రభుత్వం నియంత్రణ పెట్టింది. అయినా పత్రికలు ఆగలేదు. పేజీలు తగ్గించుకుని, నాసి కాగితం మీద వచ్చాయి. ఒక పేజీలో యుద్ధవార్తలు, పక్క పేజీలో ఒక సంసారపు కథ, కింద అమృతాంజనం ప్రకటన. ఆ కథ రాసినవాడికీ, అక్షరాలు కూర్చిన కంపోజిటరుకీ, అణాలిచ్చి కొన్నవాడికీ యుద్ధం ఎలా ముగుస్తుందో తెలియదు. మనకు తెలుసు. పాత సంచిక ఇచ్చే ఊరట ఈ తేడాలోనే ఉంది. రేపేమవుతుందో తెలియని మనుషులు కూడా కథ రాశారు, అచ్చేశారు, చదివారు, నచ్చినదాన్ని బైండు చేయించి దాచారు. అనిశ్చితి మన తరానికే కొత్తగా రాలేదని ఉపన్యాసంతో ఒప్పించడం కష్టం. పిన్నుల తుప్పు కాగితానికి అంటిన సంచిక చూపిస్తే చాలు.

సీరియళ్ల బైండ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. వారం వారం వచ్చే నవల పేజీలను జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, దబ్బనంతో దారం కుట్టి, పైన అట్ట వేయించడం మన ఇళ్లలో దశాబ్దాలపాటు సాగిన పని. ఆ అట్ట లోపల సిరాతో పేరు, తేదీ ఉంటాయి. ఇంటిపేరు వేరే అయిన మరో పేరు కూడా ఉంటే అది ఆడపడుచుతో పాటు అత్తవారింటికి వెళ్లిందనో, ఎరువు పుచ్చుకున్నవాళ్లు తిరిగి ఇవ్వలేదనో అనుకోవాలి. ఒక సీరియల్ నడుమ రెండు వారాల పేజీలు లేకపోతే, ఆ వారాల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకు అంతుపట్టదు. తర్వాతి వారం నుంచి మళ్లీ కుట్టుకుంటూ పోయారన్నది మాత్రం కళ్లకు కడుతుంది. కొత్త ప్రతిలో కథ ఒక్కటే ఉంటుంది, చేతులు మారిన ప్రతిలో చదివినవాళ్లూ ఉంటారు.

కష్టకాలంలో పాత పుస్తకం వైపు మళ్లడం తెలుగువాళ్ల ప్రత్యేకత కూడా కాదు. 1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ బాంబులకు లండన్‌లో పుస్తక వ్యాపారుల వీధి పేటర్‌నోస్టర్ రో తగలబడింది. బూడిదైన పుస్తకాలు సుమారు 50 లక్షలని అంచనా. ఆ యుద్ధకాలంలో ఇంగ్లీషు పాఠకులు వెతుక్కుని మరీ చదివినవాళ్లలో ఒకరు 1882లో చనిపోయిన ఆంథొనీ ట్రాలప్. ఆయన పేరుపొందిన నవలల్లో చర్చి పాదరీల పదవుల పంచాయితీలే ఎక్కువ, సాహసాలు అరుదు.

పాత పుస్తకం ఊరటనిస్తుందన్న మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. ట్రాలప్ సంగతి సరే, ఉత్తరాంధ్ర కథలు ఎవరికి ఊరటనిస్తాయి? ‘యజ్ఞం’లో కొడుకు అప్పుకు బానిస కాకూడదని తండ్రే ఆ పిల్లవాణ్ని నరికేస్తాడు. విజయనగరంలో బతుకులో చాలాభాగం గడిపిన చాసో రాసిన ‘వాయులీనం’లో ఇల్లాలి వైద్యం కోసం ఆమె ప్రాణంగా చూసుకున్న ఫిడేలు అమ్ముడుపోతుంది. రావిశాస్త్రి కథల్లో కోర్టు మెట్ల దగ్గర పేదవాడికి దక్కేది అన్యాయమే. నిజమే, ఇవి జోలపాటలు కావు. కానీ ఊరట అంటే తీపి అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. అప్పు కింద నలిగే మనిషికి, అప్పు లేని లోకం గురించి చదివితే కలిగే ఉపశమనం గంటసేపటిది. తన అప్పు లెక్కను, దాని వెనక ఉన్న పెద్దమనుషుల న్యాయాన్ని ఒకాయన ఇంత నిక్కచ్చిగా చూశాడనీ, చూసి ఊరుకోలేకపోయాడనీ తెలిస్తే వచ్చే నిబ్బరం వేరు. ఒంటరితనం తగ్గించేది ఆ నిబ్బరమే.

రెండో అభ్యంతరం ఇంకా కఠినమైనది. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత సుమారు 59 శాతం, శ్రీకాకుళానిది సుమారు 62. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67. బర్మా నుంచి నడిచి వచ్చిన కూలీకి గానీ, ఇవాళ హైదరాబాదుకూ చెన్నైకీ వలసపోయే తాపీ కూలీకి గానీ పాత భారతి మాసపత్రిక సంచిక ఏం ఒరగబెడుతుంది? ఈ మాటను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. పుస్తకం బియ్యానికి బదులు కాదు. అయితే అచ్చు పుస్తకం చదవగలిగిన ఒక్కడి దగ్గరే ఆగిపోలేదన్నదీ నిజం. అరుగు మీద ఒకరు చదువుతుంటే పదిమంది వినడం మన పల్లెల్లో పాత అలవాటు. పైగా కొత్త పుస్తకం ధర అందనివాడికి చదువులోకి ఉన్న దారి పాత పుస్తకమే. పై క్లాసు పిల్లల పుస్తకాలు సగం ధరకు కొనుక్కుని చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న మొదటి తరం ఈ రెండు జిల్లాల నిండా ఉంది.

అంతా స్కాన్ చేశాక కాగితం ఎందుకని అడిగేవారూ ఉన్నారు. కథానిలయమే తన కథలను ఇంటర్నెట్‌లో పెట్టింది, మంచి పని చేసింది. కానీ స్కాన్ చెయ్యాలంటే ముందు కాగితం మిగలాలి. గురజాడ ‘దిద్దుబాటు’ అచ్చయింది 1910లో. ఆధునిక తెలుగు కథకు అదే తొలి మెట్టని చాలాకాలం చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 1902లో హిందూ సుందరి పత్రికలో రాసిన ‘ధనత్రయోదశి’ ఆ లెక్కను ప్రశ్నార్థకం చేసింది. అలాంటి పాత సంచికలు ఎక్కడా మిగలకపోతే ఈ చర్చే లేదు. ఇక తెరమీది పుస్తకం శాశ్వతమా? వేల తెలుగు పుస్తకాలున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు 2017 ప్రాంతంలో మూతపడింది. ముందుచూపుతో ఎవరో దించుకుని వేరేచోట భద్రపరచిన ప్రతులే ఇప్పుడు చాలామందికి దిక్కు. అంటే అక్కడా కాపాడింది చేతులు మారడమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రుల్లో ఫోను చచ్చిపోతుంది, లాంతరు ముందు పుస్తకం పనికొస్తుంది. ఆ తుపాను గాలికీ వానకీ కాగితం ఎంత సులువుగా పాడవుతుందో కూడా మరచిపోకూడదు. అందుకే రెండూ కావాలి.

ఒక విషయం మాత్రం మనసును కలుక్కుమనిపిస్తుంది. పాత పుస్తకాల కుప్పలో కొన్ని, ‘వాయులీనం’లో ఫిడేలులాగే, కష్టం వచ్చి అమ్ముకున్నవి. ఇంటిపెద్ద పోయాక, అద్దె ఇల్లు మారేటప్పుడు, ఆస్పత్రి బిల్లు మీదపడ్డప్పుడు మొదట బయటికి వెళ్లేది పుస్తకాల బీరువాయే. ఒకరి నష్టం మరొకరి ఊరట అవుతోందన్నది కాదనలేం. దానికి నేను చూడగలిగిన పరిహారం ఒక్కటే. చేతికి వచ్చినదాన్ని చదివి, మళ్లీ తుక్కులోకి జారనివ్వకుండా ఇంకొకరికి అందించాలి. కారా మాస్టారు తన చివరి దశాబ్దాలను వెచ్చించింది, తన కథల కన్నా ఎక్కువగా ఇతరుల కథలను కాపాడే ఈ పనికే. కరోనా రెండో ఉధృతి నడుస్తున్న 2021 జూన్ 4న, 96 ఏళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు. కథానిలయం అలమారలు మాత్రం నిండుగా ఉన్నాయి.

ఈ దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు అటక మీది కట్టలను విప్పకుండా తూకానికి వెయ్యకండి. దుమ్ము దులిపి, పత్రిక పేరు, సంవత్సరం చూడండి. ముఖచిత్రం చిరిగినా, వెనక పేజీలు లేకపోయినా ఫరవాలేదు. 1990కి ముందు వచ్చిన కథల పత్రికలు కనిపిస్తే, కిలోకు ఎన్ని రూపాయలో లెక్కపెట్టుకునే ముందు శ్రీకాకుళంలోని కథానిలయానికి ఒక్క మాట చెప్పండి.