అమరావతికి వెళ్ళే ముందు

ఈ శీతాకాలంలో మా తెలుగు విద్యార్థులను అమరావతికి తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాము. ప్రయాణం పెద్దదేమీ కాదు. గుంటూరు నుంచి 35 కిలోమీటర్ల లోపే; పొద్దున బస్సెక్కితే చీకటి పడకముందే తిరిగి రావచ్చు. శుక్రవారం మ్యూజియం మూసివుంటుంది గనుక ఆ రోజు పెట్టుకోకూడదు. ఈ మాత్రం సంగతులు ఎవరైనా చెప్పగలరు. నేను తేల్చుకోలేక వున్నది వేరు. అక్కడ పిల్లలకు ముందు ఏది చూపాలి, తరువాత ఏది చూపాలి?

వాడుకలో వున్న క్రమం మనందరికీ తెలిసిందే. కృష్ణలో స్నానం, అమరేశ్వరుని దర్శనం, 125 అడుగుల ధ్యానబుద్ధుని ముందు ఫోటోలు, భోజనాలు, ఆఖరున బస్సు కదిలేలోగా మ్యూజియంలో ఒక అరగంట. దారిలో దీపాలదిన్నె దగ్గర గడ్డి మొలిచిన ఇటుకల వలయాన్ని చూసి “ఇంతేనా?” అనని విద్యార్థి వుండడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నిజానికి అమరావతిలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. కాని దానికి జవాబు ఆ ఊళ్ళో దొరకదు. తరగతి గదిలో ముందుగానే కొంత సిద్ధం చేసుకొని పోవాలి.

అక్కడ ఒకప్పుడు వున్నది ధాన్యకటకపు మహాచైత్యం. అండం వ్యాసం సుమారు 50 మీటర్లు, దాని చుట్టూ కట్టిన రాతి ప్రాకారం వ్యాసం సుమారు 59 మీటర్లు. ప్రాకారమంతా శిల్పం, అండం మీద శిల్పఫలకాలు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం మొదలు క్రీస్తు తరువాత మూడవ శతాబ్దం దాకా తరాల తరబడి పెంచుకుంటూ వచ్చిన కట్టడం అది. దీన్ని శాతవాహనుల కీర్తిగా మన పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. శాసనాలు చదివిన వారికి ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరున్న శాసనాన్నే చూడండి. అందులో రాజు పేరు కాలం చెప్పడానికి వచ్చింది. పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రాన్ని నిలిపింది మాత్రం ఒక గృహస్థుని కుటుంబం. మిగతా శాసనాలు కూడా ఎక్కువ భాగం ఇలాంటివే. వర్తకులు, గంధపు సరుకులు అమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు ఒక స్తంభమో, ఒక ఫలకమో, ఒక దీపస్తంభమో ఇచ్చి తమ పేర్లు చెక్కించుకున్నారు. స్త్రీల పేర్లు ఎన్ని వున్నాయో చూస్తే, తరువాతి వెయ్యేళ్ళ మన శాసనాలు మనకే సిగ్గు కలిగిస్తాయి.

వారిలో విధికుడనే ఒకడున్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. అతని వృత్తిని శాసనం దాచలేదు. చర్మకారుడని స్పష్టంగా చెప్పింది. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని అతడు చైత్యానికి సమర్పించాడు. తోలుపని చేసేవాడు, ఉపాధ్యాయుని కొడుకు, తన పేరూ వృత్తీ రాతి మీద చెక్కించుకొని మహాచైత్యంలో నిలబెట్టాడు. ఏ గడ్డ మీద? 1991లో చుండూరులో దళితులను నరికి చంపిన అదే అప్పటి గుంటూరు జిల్లా గడ్డ మీద.

ఈ విధికుని గురించి మన తెలుగు విద్యార్థికి ఏమీ తెలియదు. “నాగబు” మాత్రం తెలుసు. అమరావతి రాతి మీద ఆ మాటను గుర్తించి, అది తెలుగు పదమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చెప్పిన నాటి నుంచీ భాషాచరిత్ర పాఠానికి అది మొదటి వాక్యమైపోయింది. ప్రాకృతం మధ్య మెరిసిన ఆ ఒక్క మాట మనకు ప్రాణసమానమే. 2008లో తెలుగుకు ప్రాచీనభాష హోదా వచ్చినప్పుడు సభల్లో దాన్ని ఎన్నిసార్లు వల్లించామో లెక్కలేదు. కాని ఒక మాట ఎంత పాతదో తేల్చుకోవడంలో చూపిన శ్రద్ధలో పదోవంతు, ఆ రాళ్ళు పెట్టించిన మనుషులెవరో తెలుసుకోవడంలో చూపామా? భాష వయస్సు లెక్కపెట్టుకొని మురిసిపోతూ, ఆ భాష మాట్లాడిన వారి బ్రతుకును పక్కకు నెట్టే అలవాటు మన సాహిత్య శాఖల్లో బాగా పాతుకుపోయింది. నేనూ ఆ శాఖల్లో చదువుకున్నవాడినే.

అలాగని ధాన్యకటకాన్ని సమతాసమాజంగా చిత్రించరాదు. మన అభ్యుదయ మిత్రుల్లో కొందరికి ఆ తొందర వుంది. దానం ఇవ్వాలంటే చేతిలో మిగులు వుండాలి. విధికుడు రోజు కూలీకి తోలు కుట్టినవాడు అయివుండడు. వ్యాపారం సాగి నాలుగు డబ్బులు చూసినవాడే అయివుండాలి. ఆ మిగులు ఎక్కడిదంటే నది వైపు చూడాలి. పక్కనే వున్న ధరణికోటలో 1962-64 మధ్య పురావస్తు శాఖవారు తవ్వినప్పుడు కృష్ణతో కలిసే పడవల కాలువ, దాని గట్టున రేవు కట్టడం బయటపడ్డాయి. మొదట కర్రతో, తరువాత ఇటుకతో కట్టిన రేవు. సరుకులు దిగిన రేవు, సరుకుల మీద వచ్చిన డబ్బు, ఆ డబ్బుతో వచ్చిన పుణ్యం. ఫలకాలకు వాడిన సున్నపురాయి పలనాటిది. ఆ రాతిని కొండ నుంచి చీల్చినవాడు, మోసినవాడు, చివరికి ఉలి పట్టి అంత సున్నితంగా చెక్కినవాడు ఎవరో దానశాసనాలు చెప్పవు. విధికుని పేరు దొరికినందుకు సంతోషిస్తూనే, అంతకంటె కింద వున్నవాడి పేరు దొరకలేదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

ఇంత కట్టడం ఏమైపోయింది? శైవులు ఒక్కరోజున కూల్చివేశారనే కథ వినడానికి బాగుంటుంది గాని సాక్ష్యానికి నిలవదు. అమరేశ్వరాలయంలోనే 1182 నాటి కోట కేతరాజు శాసనం వుంది. అందులో బుద్ధదేవునికి గ్రామాలూ అఖండదీపాలూ ఇచ్చినట్టు చెక్కివుంది. శివాలయపు స్తంభం మీద బుద్ధునికి దీపాలు! సింహళంలోని 1344 నాటి గడలదెనియ శాసనం, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో ఒక విగ్రహగృహాన్ని బాగుచేయించాడని చెబుతున్నది. అంటే సుమారు పదిహేను వందల ఏళ్ళపాటు ఆ చోట బుద్ధుని తలచేవారున్నారు. తరువాత దాతలు పోయారు, భిక్షువులు పోయారు, మట్టి కప్పింది. జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు.

దిన్నెను పగలగొట్టినవాడు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. 18వ శతాబ్దం చివర ఈ జమీందారు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరేశ్వరుని గుడి చుట్టూ కొత్త పట్నం కట్టించాడు. పట్నానికి ఇటుకలూ రాళ్ళూ కావాలి. దిన్నె చేరువలోనే వుంది. అతడు ఎందుకు మకాం మార్చాడన్నదానికి జనం ఒక కథ చెబుతారు. చెంచులను విందుకు పిలిచి తలలు నరికించాడని, ఆనాటి నుంచీ విస్తరి ముందు కూర్చుంటే మెతుకులు పురుగులై కనిపించాయని, ఆ పాపం తీరడానికే శివుని సన్నిధి చేరి గుళ్ళు కట్టించాడని. నరుకుళ్ళపాడు అనే ఊరికి ఆ పేరు అలాగే వచ్చిందంటారు. దానధర్మాలకు ప్రసిద్ధికెక్కిన జమీందారును గురించి ప్రజలు తమలో తాము చెప్పుకున్న చరిత్ర ఇది. ఆస్థాన కవులు రాసినదానితో దీన్ని పక్కపక్కన పెట్టి చదివించాలని నా కోరిక.

1797లో కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వివుంది. అతని మనుషులు శిల్పాలకు వేసిన బొమ్మలే ఈనాడు పోయిన వాటికి ఆనవాళ్ళు. మెకంజీ పేరు చెప్పినప్పుడు అతనికి కన్నూ నాలుకా అయిన కావలి సోదరుల పేరు కూడా చెప్పాలి. ఆ తెలుగువారు లేకపోతే ఆయన సేకరణ సగం కూడా వుండేది కాదు. తరువాత కొన్ని ఫలకాలు బందరు చేరి రాబర్ట్‌సన్ దొర కట్టించిన సంతచౌకుకు అలంకారమయ్యాయి. కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. 1845లో ఎలియట్ తవ్వించినవి మద్రాసులో ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి పడివుండి, 1859లో లండను వెళ్ళి, అక్కడ గుర్రపుబండ్ల కొట్టంలో మూలపడ్డాయి. 1867లో ఫెర్గూసన్ కంటబడేదాకా వాటిని పట్టించుకున్నవాడు లేడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అదే ఏడు మద్రాసు గవర్నరు హుకుంతో ఇక్కడ మిగిలినదంతా తవ్విపోశారు. మరుసటి ఏడు బర్జెస్ వచ్చేసరికి మిగిలినది ఒక గుంట. మన పిల్లలు “ఇంతేనా?” అనేది ఆ గుంటను చూసే.

ఆ రాళ్ళను లండను నుంచి తిరిగి తేవాలన్న కోరికను నేను సమర్థిస్తాను. అయితే దొరలు దోచుకున్నారని మాత్రమే చెప్పి ఊరుకునే దేశభక్తి నాకు చాలదు. జమీందారు పగలగొట్టినదాన్నీ, బట్టీలో కాలినదాన్నీ ఏ లండను తిరిగి ఇవ్వగలదు? 2015లో కొత్త రాజధానికి ఈ పాత ఊరి పేరే పెట్టి, తూర్పున 29 గ్రామాల్లో భూమి సమీకరించారు. భూమి ఇచ్చిన రైతుకు అభివృద్ధి చేసిన స్థలంలో వాటా, ఏటేటా కౌలు. భూమి లేని కూలీకి అప్పట్లో నెలకు 2,500 రూపాయల పింఛను. దాతల పట్టికలో ఎవరి పేరు వుంటుందో, ఎవరిది వుండదో పిల్లలు తామే పోల్చుకోగలరు.

కనుక మా క్రమం ఇలా వుండబోతున్నది. మొదట ధరణికోట మట్టిగోడ, నది. తరువాత దీపాలదిన్నె, అక్కడ కనీసం గంటసేపు. ఆ వెంటనే మ్యూజియం. బయలుదేరే ముందు వారం రోజులు తరగతిలో దానశాసనాలు చదువుకుంటాము. బ్రిటిష్ మ్యూజియంవారు ఇంటర్నెట్టులో పెట్టిన ఫలకాల ఫోటోలు అచ్చువేయించి చేతికిస్తాము. దిన్నె దగ్గర నిలబడి ఏ ముక్క ఏ దిక్కున వుండేదో వారే వూహించుకోవాలి. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దాత పేరు ఇస్తున్నాను. ఎగ్మూరు మ్యూజియం చూడడానికి మద్రాసు ప్రయాణం వేసవిలో, డబ్బు కుదిరితే. ఆలయంలోని 1182 నాటి స్తంభం చివరికి వుంచాను. సోమవారాలు, కార్తీకం రద్దీ తప్పించి, తీరుబడిగా నిలబడి అక్షరాలు చూడనిచ్చే వేళ ఏదో ముందుగా వెళ్ళి కనుక్కొని రావాలి.