చంచల చిత్తము – అంతర్జాలము

తరగతిలో పట్టుమని పది నిమిషములు కుదురుగా కూర్చుండలేని బాలుడు ఇంటికి పోయి సెల్‌ఫోను పట్టినచో మూడు గంటలైనను కదలడు. “మనసు నిలుపు శక్తి లేకపోలేదు, చదువన్ననే బద్ధకము” అని పెద్దలు తీర్మానింతురు. ఈ తీర్పు ఎంతవరకు సరియైనదో చరిత్ర చెప్పగలదు.

కుదురులేని పిల్లలు అంతర్జాలముతో పుట్టినవారు కారు. 1798లో అలెగ్జాండర్ క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు మనోవికారములను గూర్చి రచించిన గ్రంథములో ఒక అధ్యాయమును అవధానమునకే కేటాయించెను. ఒక విషయముపై మనసు నిలుపలేని స్థితి కొందరికి పుట్టుకతోనే రావచ్చుననియు, అది చదువునకు అడ్డు తగులుననియు, సాధారణముగ వయసుతో తగ్గుననియు వ్రాసెను.

1902లో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు లండనులో మూడు ఉపన్యాసములిచ్చెను. తెలివితేటలలో లోపము లేకున్నను తమ్ము తాము అదుపులో నుంచుకొనలేని పిల్లలను వర్ణించెను. వారిలో ఆరేండ్ల బాలుడొకడు ఆటమీదనైనను కొద్దిసేపటికంటె ఎక్కువ మనసు నిలుపలేకపోయెను. స్టిల్ దీనిని ‘నైతిక నిగ్రహ లోపము’ అనెను. అయినను పెంపకమే దీనికి కారణమని తలపలేదు. అమెరికా మనోవైద్య సంఘము 1980లో ‘అవధానలోప రుగ్మత’ అనియు, 1987లో ‘అవధానలోప–అతిచలన రుగ్మత’ అనియు పేర్లు పెట్టినది. దీనినే నేడు ఏ.డి.హెచ్.డి. అందురు. నీతి అను మాటతో మొదలైన సంగతికి అవధానమను పేరు వచ్చుటకు 78 ఏండ్లు పట్టినది.

ఆనాటి బాలుడు ఆటలో నిలువలేకపోగా, నేటి బాలుడు తెరమీది ఆటలో ఎట్లు నిలుచుచున్నాడు? ఈ రుగ్మత గల పలువురికి ఆలస్యముగా దొరకు పెద్ద ఫలముకంటె వెంటనే దొరకు చిన్న ఫలమే ఆకర్షణీయము. గణితపాఠపు ఫలము పరీక్షనాడుగాని తెలియదు. తెరపై వ్రేలు కదపగానే క్రొత్త బొమ్మ, క్రొత్త గెలుపు! అచ్చట బాలుడు మనసును నిలుపుట లేదు. ఆటయే దానిని క్షణక్షణము లాగుచున్నది.

‘అంతర్జాల వ్యసనము’ అను మాటకును విచిత్రమైన చరిత్ర కలదు. 1995లో న్యూయార్కు మనోవైద్యుడు ఇవాన్ గోల్డ్‌బర్గ్ హాస్యమునకై ఇట్టి రోగమొకటి కల్పించెను. 1996లోనే కింబర్లీ యంగ్ అను మనస్తత్వ శాస్త్రవేత్త నిజముగా బాధపడువారిని గూర్చి టొరంటోలో పత్రము చదివెను.

ఇక రెంటిలో ఏది ముందు? తైవానులో 2,293 మంది బాలబాలికలను రెండేండ్లు గమనించి, 2009లో ఫలితములు ప్రకటించిరి. ఏ.డి.హెచ్.డి. లక్షణములు ముందుగా నున్నవారు తరువాత ఈ వ్యసనమున పడు అవకాశము హెచ్చుగా కనబడెను. బాలికలలో అన్నిటికంటె బలమైన సూచన ఇదియే, బాలురలో వైరభావము. 2018లో లాస్ ఏంజలెస్ నుండి వచ్చిన మరియొక పరిశోధన రెండవ వైపు చూపినది. లక్షణములు లేని 2,587 మందిలో డిజిటల్ సాధనములను విరివిగా వాడినవారికి, రెండేండ్లలో ఆ లక్షణములు కనబడు అవకాశము కొంత పెరిగెను. సంబంధము స్వల్పమే, అది కారణమని రుజువు కాలేదు.

దక్షిణ కొరియా 2011లో పదునారేండ్ల లోపువారికి అర్ధరాత్రి నుండి ఉదయము ఆరు వరకు అంతర్జాలపు ఆటలను నిషేధించినది. 2022 ఆరంభమున ఆ నిషేధమును తొలగించినది. చట్టము తెరను ఆర్పగలదు గాని, బాలుడు తెరను ఎందులకు ఆశ్రయించెనో అడుగజాలదు.

ఆ ప్రశ్న ఉపాధ్యాయుడు అడుగవచ్చును. ఈ చంచలత పండ్రెండేండ్ల లోపుననే కలదా? ఇంటను, బడిలోను రెండు చోట్లను కలదా? అట్లయినచో ఫోను లాగుకొనుటతో సరిపెట్టక తలిదండ్రులతో మాటలాడి వైద్యుని చూపింపవలెను. ఫోను చేతికి వచ్చిన పిదపనే మొదలైనచో నిద్ర, దిగులు, ఒంటరితనము మొదలగు ఇతర కారణములను వెదకవలెను. అల్లరి చేయక, కిటికీవైపు చూచుచు కూర్చుండు బాలికను మరువరాదు. ఆమెను ఎవ్వరును గమనింపరు. రోగనిర్ణయము వైద్యుని పని. ముందుగా గుర్తించుట మాత్రము బడిలోనే జరుగవలెను.