మాట వెనుక కథ: విశ్వాసం

చెన్నై చింతాద్రిపేట 1734లో నేతగాళ్ల కోసం వెలిసింది. చిన్న మగ్గాల పేట అనే అర్థంలో 'చిన్న తఱి పేట్టై' నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఆ పేటలోనే అమెరికన్ మిషనరీ మైరన్ విన్‌స్లో కాలంలో, 1847లో, జియోన్ చర్చి కట్టారు.

అక్కడి తమిళ క్రైస్తవుడు 'విసువాసం' అంటాడు, తెలుగు క్రైస్తవుడు 'విశ్వాసం' అంటాడు. మాట ఒకటే, సంస్కృతం నుంచి వచ్చింది. ఊపిరి పీల్చడమనే అర్థమున్న 'శ్వస్' ధాతువుకు 'వి' చేరితే విశ్వాసం. 'నమ్మకం' మాత్రం మన ద్రావిడ సొత్తు. తమిళ 'నంబిక్కై' దాని తోబుట్టువు.

మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో జబ్బుపడిన కొడుకు కోసం ఒక తండ్రి ఒకే ఊపిరిలో తన నమ్మికనూ, దానిలోని లోటునూ ఒప్పుకుంటాడు. ఆ లోటును తమిళ బైబిలు 'అవిసువాసం' అంటే, తెలుగు బైబిలు 'అపనమ్మకము' అంది.

వాడుకలో 'విశ్వాసం' అనే మాట చాలా దూరం నడిచింది. కుక్కకు విశ్వాసం ఉంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి ఉండదు. 2018 జులైలో తెలుగుదేశం లోక్‌సభలో పెట్టింది అవిశ్వాస తీర్మానం.

క్రైస్తవ సంఘాల్లో దీని అర్థం ఇంకా బిగిసింది. 'ఆయన విశ్వాసంలోకి వచ్చారు' అంటే జీవితం మారిందని. పేరుకు మాత్రమే క్రైస్తవుడైతే 'నామకార్థ క్రైస్తవుడు'. క్రియల్లో కనిపించని విశ్వాసాన్ని యాకోబు పత్రిక చచ్చినదానిగానే లెక్కగడుతుంది. తెలుగు సంఘాలు 'విశ్వాసి' అనే మాటను ఆ కొలతతోనే వాడుతున్నాయి.