విశాఖ కట్టడములు – కట్టువారి యెఱుక

మంచి రాయియు, మంచి సున్నమును దొరికినచో కట్టడము నూరేండ్లు నిలుచునని మనలో పలువురు తలంతురు. వానిని పేర్చువాని యెఱుక యెంత పని చేయునో విశాఖపట్టణ చరిత్ర చూపుచున్నది.

పూర్వము విశాఖ రేవున పెద్ద యోడలు దూరముగా లంగరు దింపగా, సరకులను పడవలపై ఒడ్డునకు చేర్చెడివారు. మేఘాద్రిగెడ్డ సముద్రమును కలియుచోట ఉప్పుటేరును, బురదనేలయు నుండెను. అచ్చటనే నౌకాశ్రయమును నిర్మించిరి. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి జలదుర్గ యను నోడ లోనికి వచ్చెను. డిసెంబరు 19న రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను.

ఇందు ముఖ్యమైన చిక్కు ఇసుక. మన తూర్పుతీరమున అలలు ఇసుకను విశేషముగా దక్షిణమునుండి ఉత్తరమునకు నడపును. ఎంత లోతుగా త్రవ్వినను ఆ యిసుక ద్వారమును పూడ్చివేయును. నిర్మాతలు దీని నెఱింగి, డాల్ఫిన్స్ నోస్ కొండ చెంత రెండు పాత యోడలను ముంచి, రాళ్లు చేర్చి, అలలకు అడ్డుకట్ట గావించిరి. లోపల త్రవ్విన మట్టిని పల్లపు నేలలను మెఱక చేయుటకు వాడిరి. పనికిరానివనుకొన్న యోడలును మట్టియు నిట్లు పనికివచ్చినవి.

1970 తరువాత వెలుపలి నౌకాశ్రయమునకై పొడవైన అడ్డుకట్టలు వెలసినవి. ఉత్తరముననున్న రామకృష్ణా బీచికి ఇసుక తఱుగగా, తోడిన యిసుకను అచ్చట పోయవలసివచ్చెను. ఒకచోటి కట్టడము వేఱొకచోటి నేలను కోయగలదని దీనివలన తెలియుచున్నది.

ఇక ఉక్కు కర్మాగారము సంగతి. 1971లో దానికి శంకుస్థాపన జరిగెను; 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఇనుము కరగునపుడు పైకి తేలు చిట్టెమును నీటితో వెంటనే చల్లార్చిన ఇసుకవంటి పలుకులగును. వానిని మెత్తగా నూఱి సిమెంటులో కలుపుదురు. ఇట్టి సిమెంటు ఉప్పునీటికి బాగుగా ఓర్చును. సున్నపురాతిని కాల్చుటకు వలయు బొగ్గును కలిసివచ్చును. అయితే ఇది మెల్లగా గట్టిపడును. మామూలు సిమెంటు పనిని కనీసము 7 దినములు తడుపవలయుననిన, దీనిని 10 దినములు తడుపవలయును. ఈ గుణ మెఱుగని కంట్రాక్టరు త్వరపడి చెక్కలు ఊడదీసి, తడుపుట మానినచో పగుళ్లు పుట్టును. ఆ పగుళ్లగుండ ఉప్పు లోనికి దిగి ఇనుపకడ్డీలు త్రుప్పుపట్టును. అప్పుడు జనులు సిమెంటును నిందింతురు!

పెద్దలారా! మీ యూరి బడినిగాని, వంతెననుగాని కట్టింపదలచినపు డెవడు తక్కువ ధరకు పాడెనో చూచి ఊరకుండకుడు. వాడు పూర్వము కట్టిన యింటిని వానకాలమున పోయి చూడుడు. ఇసుక నెచ్చటనుండి తెచ్చునో, సముద్రపు టిసుకను కలుపునేమో, ఎన్ని దినములు తడుపునో యడుగుడు. తడుపు దినముల కూలిని ఒడంబడికలోనే వ్రాయించుడు. ఆ పది దినముల కూలికి వెనుదీసిన గ్రామము పదియేండ్లు తిరుగకమున్నే అదే గోడకు మరల చందాలు పోగుచేయవలసివచ్చును.