మ్యాంగో తోక

మ్యాంగో తోక ఊడిపోవడానికి కారణం నేనే. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ ఒక్క మాట మా మనవడికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మ్యాంగో అంటే అమెరికాలో మా అమ్మాయి వాళ్ళింట్లో గాజు పెట్టెలో ఉండే క్రెస్టెడ్ గెకో. పేరు విని ఏదో అనుకునేరు, బల్లి జాతే. కళ్ళ మీద రెప్పవెంట్రుకల్లా చిన్న చిన్న ముళ్ళుంటాయి. ఒళ్ళంతా పండిన మామిడి రంగు. మన ఇళ్ళల్లో గోడ మీద బల్లి కనిపిస్తే చీపురు తీసుకుంటాం. ఇక్కడ దానికి సాయంత్రం నీళ్ళు చిలకరించి, రాత్రికి పండ్ల పొడి కలిపి మూతలో పెడతారు! వచ్చిన కొత్తలో నేను ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు.

ఆ రోజు వాడు బడికెళ్ళాక, అద్దం మసకగా ఉందని తుడిచి తలుపు వేశాను. చూసుకోలేదు. తోక సందులో పడింది. అది ఒక్క గెంతులో ఆకుల్లోకి పోయింది, తోక మాత్రం నా కాళ్ళ దగ్గర పడి గిలగిల కొట్టుకుంది. బల్లి మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో పట్టిక ఉంటుంది గానీ, ఉత్త తోక పడితే ఏమిటో నేను చూసిన ఏ పంచాంగంలోనూ లేదు. ఎప్పుడో కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చాను, ఆ పుణ్యం ఇంకా మిగిలి ఉందో లేదో.

సాయంత్రం వాడొచ్చి ఒకటే ఏడుపు. "ఊరుకోరా నాన్నా, మన ఊళ్ళో బల్లులకి తోక ఊడితే మళ్ళీ మొలుస్తుంది. దీనికీ మొలుస్తుంది చూడు" అన్నాను. ఎలా ఊడిందని అడిగితే "అదే వదిలేసింది" అని తప్పించుకున్నాను. అమ్మమ్మ మాట కదా, నమ్మేశాడు.

రాత్రి మా అమ్మాయి చదివి చెప్పింది. "అమ్మా, దీనికి మొలవదట."

నా లెక్క ఇంటి బల్లికి సరిపోతుంది. దాని తోక ఎముకల్లో విరగడానికి వీలైన చోట్లు వరసగా ఉంటాయి. కొత్త తోక మొలుస్తుంది కూడా, కాకపోతే అందులో ఎముక బదులు మెత్తటి మృదులాస్థి ఉంటుంది. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటే అరిస్టాటిల్ తెగిన బల్లి తోక మళ్ళీ వస్తుందంటారని రాశాడు. పాములకీ వస్తుందన్నాడు, అది తప్పు. అంతటివాడే పొరబడ్డాడు, నేనెంత! క్రెస్టెడ్ గెకోకి మాత్రం తోక మొదట్లోనే మొత్తంగా ఊడిపోతుంది. ఊడిందంటే అంతే.

నిద్ర పట్టక, దీని పుట్టుపూర్వోత్తరాలన్నీ అమ్మాయి చేత చదివించుకున్నాను. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాకి తూర్పున సముద్రంలో ఉన్న న్యూ కాలెడోనియా. 1853లో ఫ్రాన్సు ఆ దీవుల్ని తనవిగా చేసుకుంది. 1866లో గిషెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ బల్లికి పేరు పెట్టి లోకానికి చెప్పాడు. ఆ పేరులో కూడా కంటి వెంట్రుకల ప్రస్తావనే. ఆ తర్వాత చాలాకాలం కనపడకపోయేసరికి ఇక అంతరించిపోయిందనుకున్నారు. 1994లో ఒక తుఫాను వెలిసిన తర్వాత, రాబర్ట్ సైప్ అనే జర్మన్ బృందంతో వెళ్ళి వెతికితే ఐల్ ఆఫ్ పైన్స్ దీవిలో మళ్ళీ దొరికింది. 1994 అంటే మా అమ్మాయికి ఆరేళ్ళు, పలక మీద గుణింతాలు దిద్దుతోంది. అప్పటికి లేదనుకున్న జీవి ఇప్పుడు దాని కొడుకు గదిలో! అడవిలో వాటిని పట్టి బయటి దేశాలకి పంపడం అక్కడ నిషేధం కాబట్టి, ఇళ్ళల్లో పెరిగేవన్నీ ఒకప్పుడు తెచ్చిన కొన్నింటి సంతానమే. అక్కడి అడవిలో ఇప్పుడు వాటికి పెద్ద గండం మనుషుల వెంట వచ్చిన చిన్న నిప్పుచీమలట.

నన్ను కాస్త కుదుటపరిచింది ఇంకో సంగతి. అడవిలో దొరికే పెద్ద గెకోల్లో చాలావాటికి తోకే ఉండదు. ఎప్పుడో ఏ ఎలుక నుంచో తప్పించుకోవడానికి వదిలేసి, తోక లేకుండానే చెట్లెక్కుతూ బతికేస్తాయి. పెంచుకునేవాళ్ళు వాటిని ముద్దుగా కప్ప పిర్ర అంటారట.

మర్నాటి నుంచి సేవ మొదలు. పెట్టెలో మట్టి తీసేసి తెల్ల పేపర్ టవల్స్ పరిచాం, పుండుకి మట్టి అంటకుండా. తినగా మిగిలిన కీచురాళ్ళు తీసేశాం, పుండుని కొరుకుతాయని. నెత్తురు ఒక్క చుక్కే కనపడింది, అక్కడి రక్తనాళాలు వాటంతటవే ముడుచుకుంటాయట. నేను పసుపు అద్దబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. ఏమీ రాయకూడదట, ముట్టుకోనూ కూడదు. చూసి ఊరుకోవడమే వైద్యం. మన చేతులకి అది ఎంత కష్టమో! వాపు గానీ చీము గానీ కనిపిస్తే మాత్రం డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

రెండో రోజు రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని రెండూ చెప్పాను. తలుపు వేసింది నేనేనని, తోక మొలవదని. తలుపు సంగతికి ఏమీ అనలేదు. "మొలుస్తుందని ఎందుకు చెప్పావు అమ్మమ్మా?" అని అడిగాడు. నీ ఏడుపు చూడలేక అన్నాను. ఆ మాటకి ఇంకా ఏడ్చాడు. ఆ రాత్రి వాళ్ళమ్మ దగ్గరే పడుకున్నాడు, రోజూ నా పక్కన పడుకునేవాడు.

మూడో రోజు మూతలో పండ్ల పొడి సగం ఖాళీ. వాడే వచ్చి నన్ను లేపాడు. రెండు వారాలకి పుండు ఆరి నున్నగా అయింది. పెట్టె మీద వాడు గీసి అంటించిన మ్యాంగో బొమ్మ ఒకటుంది, పొడుగాటి తోకతో. నిన్న చూస్తే దానికి తోక లేదు. రబ్బరుతో చెరిపేశాడు, గీత ఇంకా కొంచెం కనపడుతోంది.