సెట్: కూర్చోబెట్టడంతో మొదలైన మాట

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ‘సెట్’. ఆ ఒక్క మాట వివరణకే దాదాపు 60,000 పదాలు పట్టాయి. క్రియగా దానికి లెక్కతేలిన అర్థాలు 430. స్పెల్లింగు చూస్తే మూడే అక్షరాలు. అందులో లోతైన తాత్త్విక భావమూ లేదు.

దాని పుట్టుక చాలా సాదాసీదాది. ప్రాచీన ఇంగ్లీషులో ‘సిట్టాన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టాన్’ అంటే కూర్చోబెట్టడం. కుదురుకు కుదుర్చు ఎలాగో, సిట్‌కు సెట్ అలాగ. ఇంకా వెనక్కి వెళితే సంస్కృతంలోని ‘సద్’ ధాతువు కూడా ఈ కుటుంబానిదే. సదస్సు, సదనం, గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే ఉపనిషత్తు, అన్నీ సెట్‌కు దూరపు చుట్టాలు.

ఏదైనా ఒకదాన్ని ఒకచోట కూర్చోబెట్టడం అన్న ఊహ ఎక్కడెక్కడికి పాకిందో చూడండి. మొక్కను నేలలో కూర్చోబెడితే నాటడం. మనిషిని పదవిలో కూర్చోబెడితే నియమించడం. విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెడితే కట్టు కట్టడం. రాయిని ఉంగరంలో కూర్చోబెడితే పొదగడం. సీసపు అక్షరాలను వరసలో కూర్చోబెడితే అచ్చుకు కంపోజు చేయడం. సూర్యుడి సంగతీ ఇంతే. ప్రాచీన ఇంగ్లీషులో అస్తమయాన్ని సూర్యుడు తన పీటకు పోవడంగా చెప్పేవారు. గడియారం వచ్చాక దాని ముల్లును, రంపం పళ్ళను, వస్తువు ధరను, పరీక్ష ప్రశ్నపత్రాన్ని, అన్నిటినీ ఈ క్రియే మోసింది. ఇదంతా పండితులు చేసిన పని కాదు. రైతులు, వడ్రంగులు, కంసాలులు, అచ్చుపనివాళ్ళు ఎవరికి వారు తమ పనికి దీన్ని వాడేసుకున్నారు.

నామవాచకం దగ్గర కథ కాస్త మెలిక తిరుగుతుంది. టీ కప్పుల సెట్టు, పుస్తకాల సెట్టు అనేటప్పటి ‘సెట్’కు ఇంకో పుట్టిల్లు ఉంది. లాటిన్‌లో ‘సెక్టా’ అంటే ఒకరిని అనుసరించే వాళ్ళ గుంపు. మతశాఖను సూచించే ‘సెక్ట్’ దాన్నుంచే పుట్టింది. అదే ఫ్రెంచి నోట నలిగి ‘సెట్’గా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చి చూస్తే అక్కడ అచ్చం తనలాగే పలికే దేశీ మాట కాపురముంటోంది. రెండూ కలిసిపోయాయి. గణితంలో మనం సమితి అనేది, టెన్నిస్‌లో ఆరు గేములు గెలిచి పట్టేది, రేడియో సెట్టు, ఇందులో దేన్లో ఏ పుట్టింటి వాసన ఎంతో విడదీసి చెప్పడం ఇప్పుడు కష్టం.

పర్యాయపదాలకు కొదవ లేదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి, దాని వెంట లాటిన్ వరదలా వచ్చాయి. ప్లేస్, ఎస్టాబ్లిష్, అపాయింట్, అరేంజ్, ఫిక్స్, డిటర్మిన్ వంటివి తలా ఒక పని పంచుకున్నాయి. అయినా సెట్ ఖాళీగా కూర్చోలేదు. దొరల మాటలు కాగితాల్లో, కోర్టుల్లో తిరిగితే సెట్ ఇంట్లో, పొలంలో, దుకాణంలో తిరిగింది. మనకిది కొత్త కాదు. స్థాపించు, నియమించు, నిర్ణయించు అనే సంస్కృతం మాటలెన్ని ఉన్నా దుకాణం పెడతాం, కాపలా పెడతాం, ముహూర్తం పెడతాం, పేరు పెడతాం. ఒక తెలుగువాడు సెట్ బరువును అంచనా వెయ్యాలంటే ఏ ఇంగ్లీషు పర్యాయపదం కంటే ‘పెట్టు’ను తలచుకోవడమే మేలు.

ఇంత వాడుక ఉన్న మాట తొలి నిఘంటువుల కంటికి ఆనలేదు. 1604 నాటి రాబర్ట్ కౌడ్రీ నిఘంటువు సుమారు 2,500 కఠిన పదాలకే అర్థం చెప్పింది. అందరికీ తెలిసిన మాటకు అర్థం ఎందుకన్నది అప్పటి ఆలోచన. 1755 నాటి తన నిఘంటువు కోసం శామ్యూల్ జాన్సన్ ఆ మాటలకు దిగాకే అసలు చిక్కు తెలిసింది. ‘టేక్’ ఒక్కదానికే ఆయన 130కి పైగా అర్థాలు రాశాడు. తనను ఏడిపించిన చిన్న క్రియలను పీఠికలో పేరుపేరునా చెప్పుకున్నాడు. వాటిలో సెట్ ఉంది.

ఆక్స్‌ఫర్డ్ తొలి కూర్పు 1928లో పూర్తయింది. అందులో సెట్ ఉన్న భాగానికి సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. షెఫీల్డులో కత్తులు తయారుచేసే ఒక సంస్థలో ఏళ్ళ తరబడి గుమాస్తాగా పనిచేస్తూ భాషలు సొంతంగా నేర్చుకున్న మనిషి. మంగలికత్తికి పదును పెట్టడాన్ని కూడా ఇంగ్లీషులో సెట్ అనే అంటారు. ఆ అర్థం చెప్పడానికి బ్రాడ్లీ కంటే తగినవాడు దొరికేవాడా?

అయితే రెండో కూర్పులోని ఆ 430 అర్థాల లెక్కను కొలబద్దగా తీసుకోకూడదని నా అభిప్రాయం. అలారం పెట్టడమూ, ఉచ్చు పెట్టడమూ రెండు అర్థాలా, ఒకటేనా? సంపాదకుడు ఎంత సన్నగా చీల్చితే అంకె అంత పెరుగుతుంది. 2011లో ‘రన్’ 645 అర్థాలతో సెట్‌ను దాటేసింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు పీటర్ గిలివర్ దాని మీద తొమ్మిది నెలలకు పైగా పనిచేశాడు. సెట్ వివరణను అప్పటికి తిరగరాయలేదు కనక అది సమానుల పోటీ కాదు.

ఒక మాటకు అర్థాలు వెతకడం ఒక దారి, ఒక అర్థానికి మాటలు వెతకడం ఇంకో దారి. రెండోది పట్టినవాడు పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు. 1852లో, తన 73వ ఏట, వెయ్యి శీర్షికల కింద పర్యాయపదాలను సర్ది థెసారస్ ప్రచురించాడు. ఈ మార్గంలో తనకంటే ముందు నడిచిన గ్రంథంగా అమరకోశాన్ని అందులో పేర్కొన్నాడు. కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదంతో శ్రీరాంపూరులో అచ్చయిన ప్రతి గురించి ఆయనకు తెలుసు. అమరసింహుడి వర్గీకరణ గందరగోళంగా ఉందని పెదవి కూడా విరిచాడు. కానీ అమరం మూడో కాండలో నానార్థవర్గం విడిగా ఉంది. ‘హరి’ అంటే యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని వరసగా అప్పజెప్పేది అక్కడే. రోజెట్ తన పుస్తకంలో ఆ పనిని చివరి అకారాది సూచికకు వదిలేశాడు. ఈ ఒక్క విషయంలో పెదవి విరిచే అర్హత అమరానికే ఉంది.

తెలుగులోకి వచ్చిన సెట్ కూడా ఊరికే లేదు. హోటల్లో సెట్ దోసె అయింది, సినిమాల్లో సెట్టింగు అయింది. అంతటితో ఆగక ఇంగ్లీషువాళ్ళకు లేని పని కూడా నేర్చుకుంది. ‘ఈ రంగు నీకు సెట్ అవ్వలేదు’, ‘వాళ్ళిద్దరికీ సెట్ కాదు’ అన్నప్పుడు అది నప్పడం, పొసగడం అనే పనిచేస్తోంది. ఇంగ్లీషువాడు అక్కడ ఆ మాట వాడడు. సంబంధం కుదరడం కాస్తా సంబంధం సెట్ అవడంగా మారింది.

దాని దాయాది ‘సెటిల్’ మన దగ్గర ఇంకా పెద్ద చరిత్రే నడిపింది. పీట అనే అర్థమున్న ప్రాచీన ఇంగ్లీషు మాట ‘సెట్ల్’ నుంచి పుట్టిందది. కంపెనీ దొరలు 19వ శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారుల్లో జమీందార్లతో చేసుకున్నది పర్మనెంట్ సెటిల్‌మెంటు. నేరస్థ జాతులని ముద్రవేసిన జనాన్ని తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో కాపలా మధ్య ఉంచినదీ సెటిల్‌మెంటే. ఇవాళ పట్నాల్లో భూమి తగాదాకు పోలీసు స్టేషను బయట, పెద్దమనుషుల పేరుతో కొందరు చేసిపెట్టేదీ సెటిల్‌మెంటే. దానికి ఫీజు వేరే.